మొక్కుకున్న మేకపోతు

సంత్రాగాఛి

అమ్మా, ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. కులాసాగా ఉన్నాను.

క్లోమం చుట్టూ చేరిన నీటికి కత్తి పెట్టలేదు. నోట్లోంచి గొట్టం దించి, ఆ నీటితిత్తికీ కడుపుకీ మధ్య చిన్న స్టెంటు అమర్చారు. నీరంతా కడుపులోకి దిగిపోయింది. చూడ్డానికొచ్చిన గవరయ్య బావ నా చొక్కా ఎత్తి వెతికాడు. "ఏటిరా, ఒక్క కుట్టూ నేదు! నిజింగా సేసినారేటి?" అన్నాడు.

కోత పడకుండా నయమైతే అమ్మవారికి మేకపోతును కోస్తానని మొక్కావట, చెల్లి చెప్పింది. తొందరపడకు. స్టెంటు నెల్లాళ్ళకు తీస్తారు. అందాకా నన్ను మాంసం ముట్టొద్దన్నారు. నేను లేకుండా కూర వండితే ఊరుకోను.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చెల్లికి నా ఆశీస్సులు. అమ్మవారు నన్ను చల్లగా చూసింది. ఈ నెల్లాళ్ళూ మేకపోతును నువ్వు చల్లగా చూడు.

నీ కొడుకు,
ఆనందరావు