స్లాబు మీద కటింగ్

శుక్రవారం, మట్టెవాడ

ఈరోజు స్లాబు కింది సెంట్రింగ్ చెక్కలు విప్పించాం. కాంట్రాక్టరుగా నా మొదటి ఇల్లు, మొదటి స్లాబు. స్టూలెక్కి అడుగు భాగమంతా తడిమి చూశాను, ఎక్కడా కంకర తేలలేదు.

అగ్రిమెంటు ప్రకారం స్లాబు విడత డబ్బు ఈరోజే ఇవ్వాలి. ఓనరు అంకుల్ వెంటనే ఫోను తీశారు, కానీ వందకు రెండు తగ్గించి పంపబోయారు. ఎనుమాముల మార్కెట్లో రైతుల దగ్గర మిర్చి కొనే మనిషి కదా.

"అప్పటికప్పుడు పైసలిస్తే కటింగ్ ఉంటది బిడ్డా. మార్కెట్ల అదే పద్ధతి," అన్నారు.

మోసమేమీ లేదు, ఆయన నిజంగానే అలా అనుకున్నారు. కూలీలకు నేను కోయలేను, నాకు మిగిలేదే ఆ వందకు రెండు. కాదందామంటే, కటింగ్ ఉండదని అగ్రిమెంటులో ఎక్కడా రాయలేదు.

చాయ్ తెచ్చిన ఆయన భార్య, ఆంటీ, గ్లాసు ఆయన చేతికివ్వకుండా అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ పుట్టిల్లు మరిపెడ దగ్గర, మిర్చి పండించే ఇల్లు.

"మా నాయిన మిర్చి మీద కోసింది సాలదా? మనముండే ఇంటి మీద గూడ కోస్తవా?"

ముందు నా పక్కనున్న మేస్త్రీ నవ్వాడు, తర్వాత అంకులే నవ్వారు. "పెండ్లయి ఇన్నేండ్లయినా ఆ కటింగ్ మర్చిపోదు," అంటూ మొత్తం పంపారు. అప్పుడు గాని చాయ్ ఆయన చేతికందలేదు.

సాయంత్రం నుంచి నాలో నేనే నవ్వుకుంటున్నాను. కానీ ఆ సమయానికి ఆంటీ అక్కడ లేకపోయుంటే...

తర్వాతి అగ్రిమెంటులో కటింగ్ ఉండదని ఒక వాక్యం తప్పకుండా రాయాలి. దాని కింద సాక్షి సంతకం ఆంటీతోనే పెట్టిస్తాను.