చిల్లులోంచి కారిపోయే పుణ్యం

కలకత్తా, బర్మా సత్రం

ప్రియమైన అక్కకు,

ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నీ ఏకైక తమ్ముడు మన రంగూన్ కుటుంబ గౌరవాన్నీ, బౌద్ధ ధర్మాన్నీ, ఇరుదేశాల మైత్రినీ ఒక్క పూటలో నేలపాలు చేశాడు. ఇది చదివాక నన్ను తమ్ముడని పిలవనక్కర్లేదు.

జరిగింది ఇది. అమ్మమ్మ డాలర్లు మార్చడానికి వెళ్లాం.

వాటిని ఆవిడ ఎలా కూడబెట్టిందో నీకు తెలుసు. మడత కనబడితే మన ఊళ్లో డాలరుని ఎవరూ ముట్టుకోరని, తాతయ్య పోయిన నాటి నుంచి ఒక్కొక్కటే కొని, ఇస్త్రీ చేసి, రెండు అట్టల మధ్య దాచింది కదా. విమానంలో ఆ అట్టలు నడుముకి కట్టుకుని కొయ్యలా కూర్చుంది. భోజనం తెచ్చినా కదల్లేదు. "తినవూ?" అని అడిగితే, "నేను వంగితే డబ్బు వంగుతుంది. నా వాటా కూడా నువ్వే మింగు" అంది.

డబ్బు మార్చే పరితోష్ బాబు మంచివాడే. "రండి మాషిమా, కూర్చోండి" అని బెంగాలీలో పిన్ని వరస కలిపి టీ తెప్పించాడు. అమ్మమ్మ అట్టలు విప్పి, పసిబిడ్డని అందించినట్టు రెండు చేతులా డాలర్లు అందించింది. ఆయన లెక్కపెట్టి, మధ్యకి మడిచి, చొక్కా జేబులో కుక్కుకున్నాడు. అమ్మమ్మ గొంతులోంచి వచ్చిన శబ్దానికి వీధిలో రిక్షావాడు ఆగి లోపలికి తొంగిచూశాడు.

అంతటితో పోలేదు. ఆయన ఇచ్చిన రూపాయల కట్టలకి ఇనప పిన్నులు కొట్టి ఉన్నాయి. వాటిని పీకి చూస్తే ప్రతి నోటుకీ రెండేసి చిల్లులు.

"ఇవి చిల్లు నోట్లు" అంది అమ్మమ్మ. అనువదించాను.

"ఇక్కడ అన్నీ అంతే మాషిమా. బ్యాంకువాళ్లే కొడతారు."

"బ్యాంకువాళ్లే డబ్బు పాడుచేస్తుంటే ఈ దేశంలో పోలీసులు ఏం చేస్తున్నట్టు?"

ఇది అనువదించలేదు. "చాలా సంతోషం అంటోంది" అని చెప్పాను.

సత్రానికి వచ్చాక మంచం మీద కూర్చుని తీర్పు చెప్పింది. "మన క్యాట్ నోట్లు చేపల కంపు కొట్టినా మనవే. పరాయి డబ్బు మాత్రం నిండుగా ఉండాలి. చిల్లు డబ్బుతో దానం చేస్తే పుణ్యం ఆ చిల్లులోంచే కారిపోతుంది, మీ తాతయ్య వాటాతో సహా. బుద్ధగయా వద్దు, ఏమీ వద్దు. టిక్కెట్టు మార్పించు, ఇంటికి పోదాం."

మూడు బ్యాంకులు తిరిగాను. కొత్త నోట్లు కూడా ఇక్కడ చిల్లులతోనే పుడుతున్నాయి. రేపటి విమానంలో వస్తున్న యాత్రికురాలి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఏం చెయ్యమంటావో త్వరగా రాయి. ఈలోపు టిక్కెట్ల ఆఫీసుకి సెలవని చెప్పి రోజులు నెట్టుకొస్తాను.

వంశానికి మచ్చ,
థూరెయిన్

*

రంగూన్

ఒరేయ్ తమ్ముడూ,

నీ సాష్టాంగాలు అవతల పెట్టు. బోధివృక్షం కింద తన పేరు మీద ఒక్క దానం చెయ్యమని తాతయ్య పోతూ పోతూ అడిగాడు. అమ్మమ్మ ఇన్నేళ్లూ బతికింది ఆ ఒక్క మాట కోసం. ఆవిణ్ని గయ చేర్చకుండా విమానం ఎక్కావో, ఇక్కడ దిగనక్కర్లేదు.

అబద్ధాలు చెప్పి ఒప్పిద్దామని మాత్రం చూడకు. నలభై ఏళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి. నీ అబద్ధాన్ని నోట్లోంచి పూర్తిగా రాకముందే గజంబద్దతో కొలిచి పక్కన పడేస్తుంది.

ఇంకోటి. ఆపదకి ఉంటుందని నేనిచ్చిన నూరు డాలర్ల నోటు వెళ్లినట్టే తిరిగి రావాలి. అది నా ఏడాది కుట్టుపని. నీ తల పగిలినా ఫర్వాలేదు, దానికి మడత పడకూడదు.

నీ చెవి మెలెయ్యడానికి చేతులు దురద పెడుతున్న
అక్క యిన్ మో

*

బుద్ధగయ

ప్రియాతిప్రియమైన అక్కకు,

పైన ఊరి పేరు మళ్లీ ఒకసారి చదువుకో.

అవును, వచ్చాం. నిన్న పొద్దున బోధివృక్షం కింద అమ్మమ్మ దానం చేసింది. భిక్షువులకి కట్టుకునే చీవరాలు ఇచ్చింది. తాతయ్య పేరు గట్టిగా పలికి పుణ్యం పంచింది. చుట్టూ ఉన్న మనవాళ్లంతా మూడుసార్లు "సాధు" అన్నారు. సింహళం నుంచి వచ్చినవాళ్లు కూడా గొంతు కలిపారు. తాతయ్య జీవితంలో అంతమంది ఆయన మాటకి సరే అనడం ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

హుండీలో నోట్లు వేస్తుంటే పక్కనున్న మాండలే ఆవిడ, "అయ్యో అక్కా, అవన్నీ చిల్లు నోట్లు కదా" అంది. "నీకు తెలీదులే చెల్లీ" అని అమ్మమ్మ ఒక్కో నోటునీ వెలుతురుకి ఎత్తి, చిల్లులు చూసుకుని మరీ వేసింది. ఎక్కడో చిల్లు లేనిది ఒకటి తగిలితే, "ఇది ఇంకా చంటిది, దీనికి లోకం తెలీదు" అని పక్కన పెట్టింది.

ఆవిడ ఎలా ఒప్పుకుందని అడక్కు. అంతా ధర్మ మహిమ.

నీ నోటు క్షేమం. ఒక్క మడత లేదు. కొంచెం గాలి పారుతోంది, అంతే.

వినయంతో,
థూరెయిన్

*

రంగూన్

తమ్ముడూ,

నోటుకి గాలి పారడమేమిటి?

అమ్మమ్మ దగ్గర్నుంచి కూడా ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "చిల్లుల గురించి నీ తమ్ముడు ఒక కథ చెప్పాడు. ఒక్క ముక్క నమ్మలేదు. అయినా గయకి వచ్చాను. వాడేం చేశాడో వాణ్నే అడుగు. నీకు కాశీ పట్టు తెస్తున్నాను."

పట్టు ఎవరి డబ్బుతో? నమ్మనిది ఎలా వచ్చింది? ఈసారి అలంకారాలు లేకుండా రాయి.

అక్క

*

కలకత్తా

ప్రియమైన అక్కకు,

అలంకారాలు లేవు. నీ నోటు ఇంటికి రాదు. వచ్చినా మన ఊళ్లో చెల్లదు. పరితోష్ బాబు మాత్రం దాన్ని సరిగ్గా చూడనైనా చూడకుండా పూర్తి ధర ఇచ్చి జేబులో కుక్కుకున్నాడు. ఆ డబ్బుతో అమ్మమ్మ కొట్టువాణ్ని ఏడిపించి పట్టు తాను కొంది. కుట్టి అమ్మితే నీకు నూరు డాలర్లకి పైనే వస్తుందని ఆవిడ లెక్క. ఆవిడ లెక్క తప్పడం నువ్వెప్పుడైనా చూశావా?

ఇక నేను చెప్పిన కథ. "అమ్మమ్మా, మనం ఆడపిల్లలకి చెవులు కుట్టే వేడుక చేస్తాం కదా. ఈ దేశంలో ప్రతి నోటుకీ ఆ వేడుక చేసిగాని గడప దాటనివ్వరు."

అమ్మమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మేళం ఏదీ? బంగారు సూది ఏదీ? ఊరందరికీ భోజనాలేవీ? మీ అక్కకి చెవులు కుట్టిస్తే నాకు రెండు తానుల ఖర్చయింది. ఈ నోట్లన్నిటికీ బ్యాంకువాడు అన్నం పెట్టాడంటావా? పో, టిక్కెట్టు మార్పించు" అంది. అటు తిరిగి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. తాతయ్య పేరు మీద తెచ్చిన చీవరాలు అడుగున పెట్టింది.

అది చూశాక కథలు చెప్పడం కట్టిపెట్టాను. ఇలాంటిది నాకు ఎప్పుడూ జరగలేదని నీకు వేరే చెప్పనక్కర్లేదు.

నీ నోటు బయటికి తీశాను. తువ్వాలు తలపాగా చుట్టాను. నోటుని దిండు మీద పడుకోబెట్టి, జేబురుమాలు కప్పి, "ఏడవకు తల్లీ, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని నిమిరాను. నోటితోనే మేళం వాయించాను. గుండీలు కుట్టే సూది తీసుకుని కుడిచెవి కుట్టాను. నోటు తరఫున నేనే బావురుమన్నాను. పక్కగదివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

అమ్మమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు రాలేదు, నవ్వు వచ్చింది. చీవరాల మీద పడి, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. తాతయ్య పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదక్కా. ఆఖరికి సూది లాక్కుని, "నువ్వు కుడితే వంకర పోతుంది, అది రేపు ఎవరికి మొహం చూపిస్తుంది" అని రెండో చెవి తనే కుట్టింది.

"అమ్మమ్మా, మరి పుణ్యం?" అన్నాను.

"కారితే కారనీరా. ఇంకాస్త ఎక్కువ పోద్దాం. గయ రైలు ఎన్నింటికి?" అంది.

కాబట్టి నీ నోటుకి ఉన్న రెండు చిల్లుల్లో ఎడమది అమ్మమ్మ లెక్కలో వేసుకో. కుడిది నేనే పొడిచాను.

నీ తమ్ముడు,
థూరెయిన్