తడిగోనె పట్టే చెయ్యి

ఫిబ్రవరి 3, 1986
మళ్లీ తలుపు రేకు వంకరపోయింది. ఈ కొత్త చిన్నకార్ల రేకు మరీ పలచన, గ్యాస్ వెల్డింగ్ వేడికి అప్పడంలా లేస్తుంది. నేను అతుకు వేస్తుంటే, వేడి పాకకుండా పక్కనే అన్న తడిగోనె అదిమి పట్టాలి. పట్టాడు… కాస్త ఆలస్యంగా. చెయ్యి వణికింది. తప్పు నాదేనని కారాయనకు చెప్పాను. అన్న తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 5
కారాయన బండి తీసుకుని కలాసిపాళ్యంలో ఇంకో షెడ్డుకు పోయాడట. ఇట్లా పోయిన మూడో బండి ఇది. అక్కడ మిగ్ వెల్డింగ్ మెషీన్ ఉందట — మీట నొక్కితే తీగ దానంతటదే వస్తుంది, వేడి అతుకు దాటి పోదు. మేమూ కొనక తప్పదు. లేదంటే షెడ్డు మూసుకుని ఇంట్లో కూర్చోవడమే.

ఫిబ్రవరి 8
జె.సి. రోడ్డులో రెండు మెషీన్లు చూశాను. పెద్దది త్రీ ఫేజ్ కరెంటుది, మందపాటి ఇనుమునూ అతుకుతుంది. ఆ కరెంటు మా షెడ్డుకు లేదు. చిన్నది ఇంటి కరెంటుకే నడుస్తుంది. ఎక్కువసేపు వాడితే వేడెక్కి ఆగుతుందట, కానీ పలచని రేకుకు అదే మేలు. మాకు కావలసింది అదే, చూడగానే తెలిసింది. అయినా ఆలోచించి చెబుతానని వచ్చేశాను. పిరికివాణ్ణి.

ఫిబ్రవరి 10
ఈ షెడ్డు పెట్టింది అన్న. నాకు వెల్డింగ్ టార్చ్ పట్టడం నేర్పింది అన్న. ఆయన వేసిన అతుకు వేలితో తడిమినా దొరికేది కాదు. ఆరేళ్ల కింద చెయ్యి వణకడం మొదలయ్యాక, ఒక మాటైనా అనకుండా టార్చ్ నాకిచ్చి గోనె తను తీసుకున్నాడు. మిగ్‌కు గోనె అక్కర్లేదు. పక్కన మనిషీ అక్కర్లేదు. ఎట్లా చెప్పేది?

ఫిబ్రవరి 14
చెప్పలేదు. మెషీన్‌కే వంకలు పెట్టాను — స్పేర్లు దొరకవని, దాని గ్యాస్ సిలిండర్ కోసం వేరే తిరగాలని. అన్న అంతా విని, బీడీ ఆర్పి, "నన్ను చూసి ఆపొద్దప్పా. బండ్లు పోతా ఉండాయి కదా," అన్నాడు.
సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 17
అన్నను కూడా జె.సి. రోడ్డుకు తీసుకుపోయాను. కొట్టతను చిన్న మెషీన్‌తో రేకు అతికి చూపబోతే, అన్న అలవాటుకొద్దీ పక్కన కూర్చుని జేబురుమాలు నీళ్లలో ముంచాడు. అతను నవ్వి, బేడ, అదేం వద్దు అన్నాడు. అతుకు వేశాక, నాలుగు వేళ్ల దూరంలో ముట్టుకుని చూడమన్నాడు. అన్న ముట్టుకున్నాడు. కాలలేదు. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.
తనూ ఒక అతుకు వేస్తానన్నాడు. చెయ్యి నిలవలేదు, రేకుకు బొక్క పడింది. మాస్క్ తీసి నా చేతిలో పెట్టాడు — "చిన్నదే తీసుకో. మంచి మిషను."
ఏడుపు వచ్చింది. రోడ్డు మీదికి పోయి నిలబడ్డాను.

ఫిబ్రవరి 18
చిన్నదే ఖాయం. సంతోషం లేదు.

ఫిబ్రవరి 19
అన్నకు ఉప్పుకాగితంతో రేకు నున్నగా రుద్దే పని ఇవ్వమంటుంది మా ఆవిడ. నిజమే, ఆ పనికి చెయ్యి వణికినా పర్వాలేదు. కానీ నాకు పని నేర్పిన మనిషికి ఉప్పుకాగితం అందించాలంటే ఏ మొహం పెట్టుకుని అందించేది… ఆవిడ మీద ఊరికే కసురుకున్నాను.

ఫిబ్రవరి 21
రేపు పొద్దున మెషీన్ వస్తుంది. సాయంత్రం ఇద్దరం కలిసి మూలనున్న సామానంతా తీసి దానికి చోటు చేశాం. అన్నే ఊడ్చాడు. ఇన్నేళ్లూ నాకంటే ముందొచ్చి షెడ్డు తెరిచేది ఆయనే. తాళం వేసి, నా వైపు చూడకుండా అడిగాడు —
"రేపు నేను ఎన్ని గంటలకు రావల్లప్పా?"
నేను వంగి తాళం లాగి చూశాను. ఆయన బస్సుస్టాపు వైపు నడిచాడు.