మీ అమ్మకు చెప్పని మాత్రలు

చిరంజీవి వసంతకుమార్‌కు అవ్వ దీవెనలు.

నీ ఒళ్ళు బాగుందా? మీ నాయన దగ్గు తగ్గిందా? మీ అమ్మకు మోకాళ్ళు ఎట్లున్నాయి?

ఇక్కడ మందు కోసం నా దగ్గరుంటున్న నీ పెండ్లాం యోగలక్ష్మికి మొహం మీదా వీపు మీదా మొటిమలు అణుగుతున్నాయి. ఆ మాత్రలు మింగినన్నాళ్ళూ, ఆపినాక ఇంకో నెలా కడుపు రాకూడదని, వస్తే బిడ్డకు చేటని ధర్మపురి డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. అమ్మకు చెప్పొద్దంటివి. మీ అమ్మ రోజూ ఫోన్ చేసి, "మొహం కడిగేదానికే పొద్దుపోతే బిడ్డనెప్పుడు కంటుంది పెద్దమ్మా?" అంటుంది. నేను దగ్గు వచ్చినట్టు చేసి పెట్టేస్తాను. పిల్ల తలుపేసుకొని ఏడుస్తుంది.

ఇప్పుడు మీ అమ్మ కడుపు నిలిచేదానికి పాపిరెడ్డిపట్టి ఊరి నుంచి నాటుమందు తెచ్చి, తాగించి, పిల్లను మీ ఇంటికి తీసుకుపోతుందంట. చెప్తే నీకు కోపం. చెప్పకపోతే ఎట్ల ఆపేది నాయనా?

మీ అమ్మ వచ్చే శుక్రవారం వస్తుంది. నువ్వు గురువారమే రా.