ఉల్లిపొరల రీలు

మార్చి 9, ఆదివారం

నా సినిమాని తుడిచేశారు.

కాల్చలేదు, చింపలేదు, పారెయ్యలేదు. స్పిరిట్ పోసి, కొత్త గుడ్డ పెట్టి, శుభ్రంగా తుడిచారు. తుడిచిందాన్ని నిన్న సాయంత్రం ఫిల్మ్ క్లబ్ హాల్లో అందరి ముందూ వేశారు. జనం చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో వాళ్ళకీ తెలీదు, వేసినవాడికీ తెలీదు. తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే, చివరి వరసలో కూర్చుని కుర్చీ చెయ్యి గోళ్ళతో గీకుతున్నాను.

తుడిచింది మావయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు. ఆ హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. పరాయివాడైతే ఈపాటికి తిట్టి వచ్చి హాయిగా పడుకునేదాన్ని.

మధ్యాహ్నం 3

వరసగా రాయాలి. లేకపోతే బుర్ర పేలిపోతుంది.

ఈ సినిమాకి కెమెరా లేదు. కెమెరా కొనే మొహమా ఇది? నేను పనిచేసేది ఆస్పత్రి క్యాంటీన్‌లో, కూరగాయలు తరిగే గదిలో. బస్తా విప్పడం, పొట్టు తీయడం, తరగడం, ముక్కు చీదుకోవడం. కిందటేడు ఒకరోజు తడిచెయ్యి దులిపితే ఉల్లిపొర ఒకటి ఎగిరి కిటికీ అద్దానికి అతుక్కుంది. పొట్టు కాదు. రేకుకీ రేకుకీ మధ్య ఉంటుందే, ఊపిరి తగిలితే ముడుచుకుపోయే పొర, అది. ఎండ దాన్లోంచి దూరి వచ్చింది. అందులో గీతలు, గళ్ళు, ఎవరో దారాలు పేనినట్టు. చూస్తూ చూస్తూ వేలు కోసుకున్నాను.

రీలుకి ముందూ వెనకా అతికించే ఖాళీ ఫిల్ము మావయ్య దగ్గర ముక్కలుగా పడి ఉంటుంది. అడిగితే ఇచ్చాడు. ఎందుకే అన్నాడు. వేసిన రోజు చూద్దువుగాని అన్నాను. దాని మీద ఉల్లిపొరలు, వెల్లుల్లి పొట్టు, చేప పొలుసులు, క్యాబేజీ ఈనెలు జిగురుతో అతికించుకుంటూ పోయాను. కనుబొమ్మలు పీక్కునే పట్టకారే నా పనిముట్టు. మందం ఎక్కువైతే మెషిన్‌లో ఇరుక్కుంటుందని ప్రతి మూరా గోళ్ళ మధ్య లాగి చూసుకున్నాను. ఎవరూ నేర్పలేదు. చలికాలమంతా పట్టింది. మొత్తం ఆడితే ఒక టీ తాగినంత సేపు.

దీనికి నెగటివ్ ఉండదు. కాపీ ఉండదు. ఉన్నది అదొక్కటే.

దాన్ని క్యాంటీన్ డబ్బాలో పెట్టి మావయ్యకి ఇచ్చాను. మూత తీసి చూస్తే ఏం కనపడుతుంది పాపం? ఫిల్ము నిండా చెత్త. ఏ రీలైనా మెషిన్ ఎక్కించే ముందు స్పిరిట్ గుడ్డని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రీలు మొత్తాన్ని దాన్లోంచి లాగడం ఆపరేటర్లకి అలవాటు. ఫిల్ము మీద ఆవగింజంత దుమ్ముంటే తెర మీద బండరాయిలా పడుతుంది. అన్నానికి ముందు చెయ్యి కడుక్కోవడం ఎలాగో మావయ్యకి ఇదీ అంతే. పైగా మేనకోడలి సినిమా. ఒకసారి చాలక మళ్ళీ మళ్ళీ లాగాడట.

ఆట అయ్యాక నాకే చివాట్లు. ఎంత మురికి పట్టించావే పిల్లా, పొయ్యి పక్కన పెట్టావా ఏం, గుడ్డంతా ఎర్రబడిపోయింది చూడు అని. ముఖం వెలిగిపోతోంది. నాకు నోట మాట రాలేదు. నాకు! ఒక మాట అంటే నాలుగు అంటానని మేనేజర్ నాతో మాట్లాడ్డమే మానేశాడు, అలాంటి నాకు.

మార్చి 10

తెర మీద పడిందేమిటంటే: పొరల్లోని రంగు స్పిరిట్‌లో కరిగి జిగురులోకి దిగింది. తేనె రంగు, తుప్పు రంగు, వెలిసిన పసుపు. అవి పరిగెడుతున్నాయి. మధ్యమధ్య నా వేలిముద్రలు, మనిషంత పెద్దవి. గుడ్డకి లొంగని చేప పొలుసు ఒకటి తళుక్కుమని పోయింది. అంతే. నా పొర లేదు. నా ఈనె లేదు.

జనం ఏమన్నారో ముందు నా కుర్చీలోంచీ, ఆట అయ్యాక గుమ్మం దగ్గర నిలబడీ విన్నాను. మొదటి నిమిషంలోనే ఒకాయన ఫోకస్, ఫోకస్ అని పైకి అరిచాడు. మావయ్య ప్రాణం ఎంత కొట్టుకుందో. కళ్ళజోడు ఆవిడ ఒకరు, ఎండలో కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల ఇలాగే ఉంటుంది అంది. ఆవిడ భర్త, నాకు ముసురుతున్న శుక్లాలు ఇవేనేమో, రేపే డాక్టరు దగ్గరికి పోదాం అన్నాడు. ఒకమ్మాయి ఏడ్చింది. అడిగితే ఎందుకో తెలీదంది. కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు, పాత గోడ మీద చెమ్మ చూపించి సినిమా అంటే మా బాత్రూమ్‌లో రోజూ రెండాటలు అని నవ్వుకున్నారు. ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, ఏ కెమెరాతో తీశావమ్మా అన్నాడు. కత్తితో అన్నాను. వెనక్కి తగ్గి నిలబడ్డాడు.

వాళ్ళలో ఎవర్నీ తప్పు పట్టలేను. వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పారు. నేను చూపించింది మాత్రం వాళ్ళు చూడలేదు.

అమ్మ అంటుంది, పోనీలేవే, శుభ్రం చేశాడు గానీ చెడగొట్టలేదుగా అని. తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు.

మార్చి 11

ఇవాళ మొదటిసారి ఉల్లిపాయల బస్తా పక్కకి నెట్టేసి బంగాళాదుంపలు తరిగాను.

మార్చి 13

క్లబ్ సెక్రటరీ పిలిపించాడు. మెత్తటి మనిషి, మెత్తటి చెప్పులు, మెత్తగా కోస్తాడు. నా సినిమాని పెద్ద ఊరి ఉత్సవానికి పంపుతున్నాడట. నేనూ వెళ్ళి స్టేజి ఎక్కి రెండు ముక్కలు మాట్లాడాలట.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీరు చూసింది నా సినిమా కాదండీ, మా మావయ్య పొరపాటున స్పిరిట్ గుడ్డతో తుడిచేశాడు, మిగిలింది మరక అని.

కంగారు పడతాడనుకున్నాను. కుర్చీలో ముందుకి జరిగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. అద్భుతం అన్నాడు. ఆ గుడ్డ ఉందా, పారెయ్యలేదు కదా, దాన్నీ అద్దాల పెట్టెలో పెట్టి పంపిద్దాం అన్నాడు. నా కడుపు మంటకి ఫ్రేము కట్టిస్తానంటున్నాడు మహానుభావుడు!

నా రీలు నాకివ్వండి అన్నాను. బీరువాలో భద్రంగా ఉందమ్మా, నీ దగ్గరుంటే మళ్ళీ ఏవేవో అతికిస్తావు అన్నాడు. తాళంచెవి మెళ్ళో ఉన్నట్టు చొక్కా గుండీ తడుముకున్నాడు.

మార్చి 14, పొద్దున 5

నిన్న సాయంత్రమే సెక్రటరీ మావయ్యకి చెప్పేశాడు. పొగుడుతూ చెప్పాడట, నీ చెయ్యి పడింది కాబట్టే అంత గొప్పగా వచ్చింది అని. మావయ్యకి పొగడ్త చెవికెక్కలేదు. తను తుడిచింది మురికి కాదన్న సంగతి ఒక్కటే ఎక్కింది.

మా ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మ మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకునే ఉండిపోయాడు. నన్నెందుకు తిట్టలేదే అన్నాడు. తిట్టు అన్నాడు. ఇన్నాళ్ళూ గుండెల్లో దాచుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో ఒక్కటీ దొరకలేదు.

వెళ్ళేముందు గొంతు తగ్గించి ఒకటి అడిగాడు. తుడిచింది నువ్వేనని చెప్పవే, కావాలనే తుడిచావని చెప్పు, వాళ్ళకీ అదే కావాలి, ఆపరేటర్ రీలు పాడుచేశాడన్న మాట మాత్రం బయటికి రాకూడదు, మా వృత్తిలో దానికంటే చావు నయం అని.

సరే అనకుండానే ఆయన చేతిలో గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను.

మార్చి 16

ఉత్సవం కాగితం అచ్చయి వచ్చింది. నా సినిమా పక్కన ఇలా ఉంది: తానే చేసి, తానే చెరిపేసిన కళాకారిణి.

అంటే సెక్రటరీ దగ్గరికి మావయ్య ముందే వెళ్ళి అలాగే చెప్పేశాడన్నమాట. నిజం నా నోటే విన్న మనిషి, తెలిసి తెలిసి అబద్ధం అచ్చేయించాడు. ఇద్దరికీ వీలుగా ఉంది. నాకు?

నేను చెరిపేయలేదు. చెరిపే రకం కాదు నేను. చలికాలమంతా వంగి వంగి మెడ పట్టేసింది.

మార్చి 17

భయాలు రాస్తాను. రాస్తే చిన్నవవుతాయేమో.

ఆడించిన ప్రతిసారీ ఆ రీలు ఇంకొంచెం రాలుతుంది. ఉత్సవానికి చేరేసరికి ఖాళీ ఫిల్మే మిగులుతుందేమో. దానికీ చప్పట్లు కొడతారేమో.

నేను నిజం చెబితే మావయ్యని పనిలోంచి తీసేస్తారేమో. చెప్పకపోతే ఇక జన్మంతా స్టేజీలెక్కి చెరపడం గురించి మాట్లాడాలేమో.

అన్నిటికంటే పెద్దది: నా పొరలతో వేసి ఉంటే ఆ అమ్మాయి ఏడ్చేదా? ఏడ్చేది కాదేమో. ఇది రాశాక పెన్ను విసిరికొట్టాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను.

మార్చి 18

మళ్ళీ చేస్తాను. చిన్నదే. చేస్తాను.

మార్చి 22, సాయంత్రం

షిఫ్టు అయ్యాక క్యాంటీన్ భోజనాల గదిలో దుప్పటి కట్టి కొత్త రీలు వేశాను. మావయ్య అటక మీది పాత మెషిన్ ఇచ్చాడు గానీ చెయ్యి వెయ్యనన్నాడు. గోడకి ఆనుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. నేనే ఎక్కించాను, నేనే తిప్పాను. ఎక్కడ ఇరుక్కుంటుందో, దీపం వేడికి ఎక్కడ కాలుతుందో. నా ప్రాణం మెషిన్‌లో ఫిల్ము దీపం ముందునుంచి జారే ఆ చిన్న కిటికీ దగ్గరే ఉంది.

ఆడింది. దుప్పటి మీద ఉల్లిపొర ఒక్కొక్కటీ గదంత అయింది. గళ్ళూ దారాలూ ఉన్నవున్నట్టు. కాస్త వేడెక్కగానే గదంతా ఉల్లి వాసన.

అందరూ ఒక్కసారి ముక్కులు ఎగబీల్చారు. గిన్నెలు తోమే అన్న, ఖర్మ, సినిమాకొచ్చినా ఇదేనా, ఇంటర్వెల్‌లో నిమ్మకాయలు వేస్తావా అన్నాడు. ఒకడు, అదిగో ఆ నల్లమచ్చది మొన్నటి పాడు బస్తాలోది, నేను పారెయ్యమన్నానా లేదా అని పక్కవాడితో పోట్లాట పెట్టుకున్నాడు. చేప పొలుసులొస్తే ఈల వేశారు. మేనేజర్ అయితే, సరుకు బయటికి పోతోందన్నమాట అన్నాడు, నవ్వుతూనే.

నేను ఎదురుచూసింది అక్క కోసం. నాతో తరిగే గదిలో కూర్చుంటుంది. ఉల్లిపాయలు ఎన్ని తరిగినా కన్ను చెమ్మగిల్లదు, అందుకే అందరూ రాతికళ్ళక్క అంటారు. సగంలో లేచి వెళ్ళిపోయింది. బయట మెట్ల మీద పట్టుకున్నాను. బాలేదా అక్కా అన్నాను. బాగుందే, అందుకే లేచాను, పొద్దున్నించీ దాన్ని చూసి చూసి కళ్ళు అలిసిపోయాయి, పని దిగాక కూడా అది అంత పెద్దదై నా మీదికొస్తే ఎక్కడికి పోను చెప్పు అంది. నీ చెయ్యి మంచిదేలే, నన్ను మాత్రం పిలవకు అంది.

వెళ్ళి గిన్నెలు తోమే చోట కూర్చున్నాను. అన్న పక్కకి జరిగి చోటిచ్చాడు.

మార్చి 23, ఆదివారం

మెషిన్ తిరిగి ఇవ్వడానికి మావయ్య ఇంటికెళ్ళాను. ఫిల్ము మలుపు మరీ బిగించావు, ఇంకొంచెం ఆడితే తెగేది అన్నాడు. కొత్తది ఎలా ఉందో అనలేదు.

ఇక ఆగలేక అడిగేశాను. ఆ రోజు హాల్లో, ఆ తుడిచినదాన్ని నువ్వు చూశావా అని.

మెషిన్ మీద దుమ్ము ఊదాడు. ఆపరేటర్ సినిమా చూడడే అన్నాడు. మూలలు చూస్తాడు, ఫోకస్ చూస్తాడు, మెషిన్ చప్పుడు వింటాడు. కథ ఏమిటో ఇంటికెళ్ళాక మీ అత్త చెబితే తెలుస్తుంది నాకు. ఆ రోజు మాత్రం ఎవడో ఫోకస్ అని అరిచాడు చూడు, సరిచేద్దామని తెర వంక చూశాను. చూసి, చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ పసుపు అలా కారుకుంటూ పోతుంటే ఏదోగా అయింది. అయిపోయాక కూడా ఖాళీ తెర మీద దీపం వెలుగుతూనే ఉంది, ఆర్పడం మర్చిపోయాను. నా సర్వీసులో ఎప్పుడూ జరగలేదు.

ఏమనుకోకే, అది బాగుంది అన్నాడు. నిన్నటిది కూడా మంచిదే అన్నాడు, పాసు మార్కులు వేసినట్టు.

ఒళ్ళు మండిపోయింది. అయితే అది నీదే, నీదని చెప్పుకో అన్నాను. పిచ్చిదానా అన్నాడు. చెప్పుకో, నేను చేసింది నేను చేశాను, నువ్వు చేసింది నువ్వు చేశావు, నీ పనిని నా నెత్తిన పెట్టి దాక్కుంటావేం, పాడుచేసినవాడివైతే సిగ్గుపడు, బాగుందంటున్నావుగా, మరి ఎందుకు సిగ్గు అని అరిచాను. అత్త వంటింట్లోంచి తొంగిచూసింది.

పిచ్చిదానా అని మళ్ళీ అన్నాడు. కానీ వద్దనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మార్చి 24

రేపు పొద్దున సెక్రటరీ టేబుల్ మీద పెట్టబోయేది ఇది. సరిచూసుకోవడానికి ఇక్కడ ముందు రాస్తున్నాను.

నేను ఏదీ చెరపలేదు. చెరిపానని అచ్చేసిన కాగితం వెనక్కి తీసుకోండి. బీరువాలో ఉన్న రీలు నాది కాదు, మా మావయ్యది. ఆయన పేరుతోనే పంపండి. దాని పక్కన నా కొత్త రీలు, నా పేరుతో. రెండూ ఒకే రోజు, ఒకే జనానికి, ఒకదాని తర్వాత ఒకటి. స్టేజి మీదికి ఇద్దరం వస్తాం, లేకపోతే ఎవరం రాం.

మావయ్య పేరు ఏమిటో మీకు తెలీదు. మీ హాల్లో జుట్టు నెరిసేదాకా పనిచేసినా ఆపరేటర్ అనే పిలిచారు. వెళ్ళి ఆయన్నే అడిగి, సరిగ్గా రాసుకోండి.

శుక్రవారం సాయంత్రం ఆరు లోపల జవాబు కావాలి.