మూడో ప్రశ్న ఖాళీగ ఉంచిన

హన్నా,

అమ్మ దగ్గరికి దవాఖానకు పోతున్న, అక్కడి నుంచే డ్యూటీకి పోత. గిన్నెల పప్పున్నది, వేడి చేసుకొని తిను. నీ ఇంగ్లీషు పుస్తకంల పద్యం కింది ప్రశ్నల్ల రెండింటికి డిక్షనరీ సూసి జవాబులు రాసిన. తప్పులుంటయి. మూడోది, పడవ నడిపేటాయన ఒడ్డు కనబడ్డా ఎందుకు ఏడ్చిండన్నది, ఎంత చదివినా నాకు సమజ్ కాలేదు.

పోతిరెడ్డిపల్లి జయశీల టీచరమ్మను అడిగిన. రేపటి నుంచి బడి ఇడిసినంక ఆమె దగ్గర కూసో. పరీక్షల నాటికి అమ్మకు మాటొస్తది, అమ్మే చెప్తదని నీతోని అన్న గద. అది డాక్టరు చెప్పిన మాట కాదు బిడ్డా, నేను కల్పించి చెప్పిన. ఆయన ఇగ ఆశ పెట్టుకోవద్దన్నడు.

ఇట్లు, నాయిన బర్నబా

ఇంకోటి. నిన్న ఆ పద్యమే అమ్మకు చదివి వినిపించిన. 'ఐలాండ్'ను కావాలనే 'ఇస్లాండ్' అన్న. పెండ్లయిన కాడినుంచి నా ఇంగ్లీషుల తప్పు దొరికితె నవ్వుకుంట దిద్దకుండ ఒక్కనాడు ఊకోలేదు మీ అమ్మ. చెయ్యన్న ఊపుతదని మూడుసార్లు అట్లనే చదివిన. నా మొఖం దిక్కు సూసుకుంట పండుకున్నది, అంతే.