నాన్నకు అందని బండి

అమ్మా, మేమిద్దరం క్షేమమే. క్వారీ దారిలో అడుగున రాళ్లు తగులుతున్నాయని పికప్‌కి నేనే పొడుగు స్ప్రింగులు వేసి, జానెడు ఎత్తు లేపాను. నాన్న ఎప్పట్లాగే తోలడానికి ఎక్కబోతే మోకాలు లేవలేదు. "కళ్లు మంటగా ఉన్నాయి, నువ్వే తోలరా" అన్నాడు. మళ్లీ తాళాలు ముట్టుకోలేదు. మెట్టు బిగిస్తానంటే, "నేనేమన్నా ముసలాణ్నా?" అని కసిరాడు. బండి అడుగు చూసుకున్నానే గానీ ఆయన మోకాళ్లు చూసుకోలేదు. పాత స్ప్రింగులు కూడా పాత ఇనుము కింద అమ్మేశాను.

వంటింట్లోని ఎత్తుపీట ఇటొచ్చే లారీలో పంపు. నేనడిగానని చెప్పకు. బండి కడిగేటప్పుడు కూర్చుంటారని పంపినట్టు ఆయనకే రాయి. పక్కన పీటుంటే ఎవరూ చూడకుండా ఎక్కుతాడు. మన బావి మోటారు బాగైందా? చెల్లిని అడిగానని చెప్పు.

మళ్లీ పక్క సీట్లోకి జరగాలని ఉన్న
నీ కొడుకు